చక్రాల చుట్టూ పరదా

జగన్మోహన్ ఇల్లు పోగొట్టుకుని, ఆర్‌వీ అనే చక్రాల ట్రెయిలర్‌లో కాపురం పెట్టాడన్న సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకి, భార్య మీనాకి, పదేళ్ళ నైనికకి. మిగతా న్యూజెర్సీ తెలుగువాళ్ళందరి దృష్టిలో ఆయన ఇల్లమ్మేసి, ఉద్యోగం వదిలేసి, పెళ్ళాంపిల్లలతో అమెరికా అంతా చుట్టబెడుతున్న అదృష్టవంతుడు. ఉద్యోగం తను వదల్లేదనీ, అదే తనని వదిలిందనీ, ఇల్లు బ్యాంకు వాళ్ళు తీసుకున్నారనీ చెప్పడానికి నోరు రాక, జూన్‌లో ఎవరో అడిగితే "ఆర్‌వీ కొన్నామండీ, కొన్నాళ్ళు తిరిగొద్దామని" అనేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. దసరా సంబరాల్లో మైకు చేతికి దొరికేసరికి, పాత సెలవుల ఫొటోలు తెరమీద వేసి, యాత్రా విశేషాలంటూ కోతలు కోసి, హాలంతా చప్పట్లు కొట్టించుకుని వచ్చాడు. నైనిక ఉన్న ఫొటోలు మాత్రం ముందే ఏరి పక్కన పెట్టాడు. వాటిలో పిల్లకి నాలుగేళ్ళు.

ఇన్ని ఊళ్ళు తిరిగిన ఆ ట్రెయిలర్, వాళ్ళు ఇదివరకు ఉన్న పిస్కాటవేకి ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో, కొన్ననాడు ఎక్కడుందో అక్కడే ఉంది. దాన్ని లాగడానికి పెద్ద ట్రక్కు కావాలి. జగన్మోహన్‌కి ఉన్నది పాత క్యామ్రీ.

ఆ ట్రెయిలర్ కింద నీళ్ళ గొట్టం గడ్డకట్టిన తెల్లవారుజాము దాకా వచ్చాం కిందటి వారం. క్యాంప్‌గ్రౌండ్ యజమానురాలు వచ్చి, గొట్టాన్ని బూటుతో తట్టి చూసి, చలికాలమంతా ఇక్కడే ఉండేట్టయితే నవంబరు ఆఖర్న వచ్చే థాంక్స్‌గివింగ్ లోపల స్కర్టింగ్ కట్టుకోవాలనీ, లేకపోతే ఖాళీ చెయ్యాలనీ చెప్పి వెళ్ళింది. స్కర్టింగ్ అంటే మరేం లేదు, బండి అంచు నుంచి నేలదాకా చుట్టూ కట్టే పరదా. కిందికి చలిగాలి దూరనివ్వదు, గొట్టాలు గడ్డకట్టనివ్వదు. చుట్టుపక్కల బళ్ళకి అక్టోబరులోనే కట్టేశారు. జగన్మోహన్ ఒక్కడే ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాడు. చక్రాలు కనబడుతున్నంతకాలం అది బండి, ఎప్పుడైనా కదులుతుంది అని ఆయనకో పిచ్చి ధైర్యం. చుట్టూ మూసేస్తే అది ఇల్లయిపోతుంది. ఆ ధైర్యం కోసం కూతురు రెండు జతల సాక్సులేసుకుని పడుకుంటోందని తెలుసు ఆయనకి. తెలిసీ ఊరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"డాడీ, ఫ్లోర్ చాలా కోల్డ్ ఉంది. నేను బెడ్ మీదే హోంవర్క్ చేస్తా" అని నైనిక స్కూలు బస్సెక్కేముందు మామూలుగా చెప్పింది. ఫిర్యాదు చేసినా బాగుండేది.

"ఇవాళ కొనకుండా రాకండి. మీ పరువు సంగతి తర్వాత, ముందు పిల్ల కాళ్ళ సంగతి చూడండి" అంది మీనా.

తెలుగువాళ్ళు తారసపడని దుకాణం కోసం ఆయన డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోకి పోయాడు. వారం మధ్యలో, ఆఫీసుల వేళ. అయినా కోటుకున్న టోపీ నుదుటిమీదికి లాక్కునే నడిచాడు. బండికి సరిపడా కుట్టిన రెడీమేడ్ స్కర్టింగ్ ఉందా అని అడిగితే, ఆర్డరివ్వాలి, రావడానికి క్రిస్మస్ అవుతుంది అన్నారు. ఆగలేనివాళ్ళు గోడల్లో పెట్టే ఫోమ్ బోర్డులు కొని, కోసి, నిలబెట్టి, టేపు అంటించుకుంటారట. గులాబీరంగులో, రెండంగుళాల మందాన, మనిషికంటే పొడుగ్గా ఉన్నాయి. వాటిని తోపుడుబండి మీదికెత్తి, పైన వెండిరంగు టేపు చుట్టలు, నేలలో దిగగొట్టే మేకులు పడేసి, తల వంచుకుని కౌంటర్ వైపు బయల్దేరాడు.

"అన్నా."

దాక్కుందామనుకున్న తెలుగువాడికి అమెరికాలో ఎక్కడైనా సరే, వెనకనుంచి ఈ మాట వినబడి తీరుతుంది. తిరిగి చూస్తే గోపాల్. పిస్కాటవేలో పక్కవీధి. కరీంనగర్ వాడు. మొన్న దసరాలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. ఇస్త్రీ చొక్కా, నడుముకి ఆఫీసు బ్యాడ్జ్.

"నువ్వేంది అన్నా ఇక్కడ? ఫ్లోరిడా దిక్కు పోయినవనుకున్న."

"చిన్న పనిమీద వచ్చాం. బండి సర్వీసుకిచ్చాం."

"మరి ఇవన్నీ?"

"ఫ్రెండ్‌కి. బేస్‌మెంట్ చేయించుకుంటున్నాడు."

గోపాల్ బోర్డుల్ని చూశాడు. టేపుని చూశాడు. మేకుల దగ్గర చూపు కాస్త ఎక్కువసేపు నిలిచింది. "మంచిది" అన్నాడు. ఆఫీసువేళ ఇతనిక్కడేం చేస్తున్నాడని జగన్మోహన్‌కి తట్టలేదు. తను దొరికిపోతున్నానన్న భయంలో ఎదుటివాడి ముఖం ఎవరు చూస్తారు?

పార్కింగ్‌లో అసలు కథ మొదలైంది. బోర్డులు క్యామ్రీలో పట్టవు. కారు నెత్తిన పెట్టి పురికొసతో కట్టబోయాడు. ఈదురుగాలి ఒకటి వచ్చి పై బోర్డుని ఎగరేసుకుపోయింది. అది కార్ల మీదుగా పల్టీలు కొట్టుకుంటూ పోతుంటే, వెనక జగన్మోహన్, సాయానికొచ్చిన గోపాల్, ఇద్దరు తెలుగు పెద్దమనుషులు పరుగు. చివరికి గోపాల్ దాన్నొక ట్రక్కుకేసి అదిమి పట్టుకున్నాడు. అప్పటికే బోర్డు మధ్యకి విరిగింది.

"నా వ్యాన్‌ల ఏద్దాం అన్నా. సీట్లు మడిస్తే పడ్తయి. మీ ఫ్రెండ్ ఇల్లెక్కడ?"

"వద్దులే గోపాల్, నేను రెండు ట్రిప్పులు..."

"ఈ గాలికా? చెప్పు, ఆడ్నే దించుత."

జగన్మోహన్ దగ్గర అబద్ధాల నిల్వ అంతటితో అయిపోయింది. ఒక ఊరి పేరు, ఒక వీధి పేరు పుట్టించడం పెద్ద పనేం కాదు. దసరాలో గంటసేపు పుట్టించాడు. ఇప్పుడు మాత్రం ఒక్కటీ తట్టలేదు. "క్యాంప్‌గ్రౌండ్‌కి" అన్నాడు. క్యాంప్‌గ్రౌండ్‌లో బేస్‌మెంటేమిటని గోపాల్ అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ భయం పుట్టించింది.

దారి పొడుగునా అద్దంలో వెనక వస్తున్న వ్యాన్‌నే చూస్తూ నడిపాడు. గోపాల్ ఫోన్ చెవిన పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వార్త అప్పుడే పాకిపోతోందనుకున్నాడు జగన్మోహన్.

వాళ్ళు వచ్చేసరికి మీనా తలుపు దగ్గరే ఉంది, చుడీదార్ మీద జగన్మోహన్ స్వెటర్, దానిమీద ఇంకో స్వెటర్. గోపాల్‌ని చూసి ఆమె ముఖం తెల్లబోయింది. భర్త వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. "రా గోపాల్. టీ పెడతా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఏ చుట్టానికీ ఇన్నాళ్ళూ తలుపు తియ్యని మనిషి, ఆ రెండు మాటలూ అనడానికి ఎంత కూడదీసుకుందో ఆయనకి అర్థమైంది.

పని మొదలుపెట్టారు. గోపాల్ బోర్డులు కొలిచి కోస్తుంటే జగన్మోహన్ మోకాళ్ళ మీద కూర్చుని నిలబెట్టి పట్టుకుంటున్నాడు. రోడ్డు వైపు అయింది. వెనక వైపు అయింది. గ్యాసు సిలిండర్ల దగ్గర చిన్న తలుపు వదలాలని గోపాల్ అడక్కుండానే వదిలాడు. మోకాళ్ళ కింద మన్ను చల్లగా, గట్టిగా ఉంది. బోర్డు వైపే చూస్తూ జగన్మోహన్ చెప్పేశాడు.

"గోపాల్, ఫ్రెండూ లేడు, ఫ్లోరిడా లేదు. ఇది కొన్నప్పట్నుంచీ ఇక్కడే ఉంది. కిందటేడు ఏప్రిల్‌లో నా ఉద్యోగం పోయింది. తర్వాత ఇల్లూ పోయింది. నువ్వు చప్పట్లు కొట్టినవన్నీ పాత ఫొటోలు."

"తెల్సన్నా."

"ఎప్పట్నుంచి?"

"షాపులనే తెల్సింది. టూర్ తిరిగెటోళ్ళు స్కర్టింగ్ కొనరు గద. ఒక్కదగ్గర కూసునెటోళ్ళు కొంటరు. రెండు నెలల సంది నేను గూడ ఈ బండ్ల సంగతులే చదువుతున్న."

"నువ్వెందుకు చదువుతున్నావు?"

గోపాల్ టేపుని పళ్ళతో తెంపాడు. అంచు వెంట బొటనవేలితో నిదానంగా అదిమాడు. "సెప్టెంబర్ల నన్ను గూడ తీసేసిన్రు."

జగన్మోహన్ చూపు బ్యాడ్జ్ మీదికి పోయింది. గోపాల్ దాన్ని పట్టుకుని చూపించాడు. "లాప్‌టాప్ తీస్కున్నరు. ఇది అడుగుడు మర్సిపోయిన్రు. రోజూ పొద్దుగాల పెట్టుకొని బయల్దేరుత. భావన లంచ్ బాక్స్ కడ్తది. ఏదో ఒక షాపు పార్కింగ్‌ల కూసొని తింట. ఇయ్యాల గూడ అదే పని. గ్రీన్‌కార్డు వచ్చింది గాబట్టి సరిపోయింది. లేకుంటే ఈపాటికి పెట్టెలు సర్దుకునెటోళ్ళం."

భావన గోపాల్ భార్య. ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. మీనాకి స్నేహితురాలు, అంటే జూన్ దాకా.

"భావనకి చెప్పలేదా?"

"ఎట్ల చెప్త? నీకెట్ల నోరు రాలే, నాకు గట్లనే. ఇల్లు నిలవదని తెల్సిపోయింది, అమ్మాలె. ఎందుకు అమ్ముడు అని అడిగితే..." గోపాల్ ఇంకో టేపు ముక్క తెంపాడు. "నీ దసరా స్పీచ్ యాదికొచ్చింది అన్నా. జగనన్న లెక్క మనం గూడ ఒక యాడాది తిరుగుదాం అన్న. మొదలు నవ్వింది. తర్వాత నమ్మింది. నిన్ను చూసి నమ్మింది. ఇల్లు అమ్మకానికి పెట్టినం. సోమవారం తను జాబ్‌కి రిజైన్ ఇస్తది."

"రిజైనా? మీ ఇంట్లో ఇప్పుడున్నది ఆ ఒక్క జీతమే కదయ్యా."

"టూరంటే ఇద్దరం మానాలె గద. వద్దంటే ఎందుకు అంటది. ఎందుకంటే ఏం చెప్త?"

జగన్మోహన్ చేతిలో బోర్డు పక్కకి ఒరిగింది. తన అబద్ధం తన ఇంటి గుట్టు దాచుకోవడానికేననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఎవరికి నష్టం, ఎవరి సొమ్ము తిన్నాం అని రోజూ సర్దిచెప్పుకున్నాడు. అది తనకి తెలియకుండానే ఇంకొకరింటికి వెళ్ళి, అక్కడ పెళ్ళాం మొగుళ్ళ మధ్య కూర్చుంది.

"వ్యాన్‌ల ఫోన్ చేసింది భావనకే" అన్నాడు గోపాల్. "రిజైన్ ఇచ్చేముందట ఒక్కసారి నీతోని మాట్లాడాలంటది వారం సంది. దొరికినవని చెప్పిన. ల్యాబ్ నుంచి సీదా ఇటే వస్తది. అన్నా, ఒక్కసారి. దసరాల చెప్పిందే మళ్ళ ఒక్కసారి చెప్పు. ఎల్లోస్టోన్‌ది, ఆ దున్నలది. తర్వాత నేను చూస్కుంట."

"ఏం చూసుకుంటావు గోపాల్?"

గోపాల్ ఇంకో బోర్డు కొలవడం మొదలుపెట్టాడు.

పల్చటి గోడ అవతల మీనా అంతా విన్నది. టీ కప్పులు పట్టుకుని మెట్లు దిగింది. ఒకటి గోపాల్‌కి, ఒకటి భర్తకి ఇచ్చింది. "భావనకి నేను అబద్ధం చెప్పను. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తకుండా అయిదు నెలలు బతికాను, ఆ పాపం చాలు. మీరిద్దరూ ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం" అంది.

నిజానికి జగన్మోహన్ చెయ్యవలసిన పని ఒకటే, గోపాల్‌ని కూర్చోబెట్టి నచ్చజెప్పడం. ఆయన చేసింది వేరు. "ముందు మిగతావి కట్టేద్దాం పద" అన్నాడు. భావన వచ్చేలోపల చక్రాలు కనబడకూడదు. అంత విన్నాక కూడా ఆయన బుద్ధి ముందు అటే పోయింది. గోపాల్ కూడా కత్తి అందుకున్నాడు. ఇద్దరూ దొంగల్లా తొందరపడ్డారు. మూడో వైపు మూసుకుంది. బండిని ట్రక్కుకి తగిలించే ముందువైపు మిగిలింది. అక్కడికొచ్చేసరికి బోర్డు చాల్లేదు. గాలికి విరిగింది సరిగ్గా దానికే కావలసింది. ముక్కలు అతికిద్దామంటే, విరిగినచోట నలిగి రాలిపోయి మధ్యలో జానెడు సందు, అందులోంచి మొదటి చక్రం, దాని చుట్టూ మోకాలెత్తు ఎండుగడ్డి.

పైగా ఆ ముందువైపు, ట్రక్కుకి తగిలించే ఇనుపకమ్మీకి మీనా వేసవిలో వేసిన బీరపాదు అల్లుకుని ఉంది. మంచుకి మాడిపోయినా పట్టు వదల్లేదు. ఒక ఎండుకాయ వేలాడుతోంది. జగన్మోహన్ దాన్ని పీకబోయాడు.

"అది తెంపకండి. విత్తనానికి వదిలాను" అంది మీనా.

అంతలో స్కూలు బస్సు గేటు దగ్గర ఆగింది. నైనిక బ్యాగు ఊపుకుంటూ వచ్చి, గులాబీరంగు గోడల్ని చూసి సంబరపడింది. చెయ్యి పెట్టి తడిమింది. "నౌ మన ఫ్లోర్ వార్మ్ అయిపోతుందా?" అంది. గోపాల్‌ని చూసి "హాయ్ అంకుల్" అంది. భావన ఆంటీ వస్తోందని మీనా చెప్పగానే ఆ ముఖంలో సంబరం పోయింది. తండ్రి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"డాడీ, ఆంటీ అడిగితే నేను ఏం చెప్పాలి? టూర్ చెప్పాలా, నిజం చెప్పాలా?"

అమాయకంగా అడిగింది. రేపు ఏ డ్రెస్ వేసుకోవాలి అన్నంత మామూలుగా. ఇంతకాలం తనొక్కడే అబద్ధమాడుతున్నానని జగన్మోహన్ అనుకున్నాడు. కూతురికి కూడా పాఠం చెప్పానని, అది బాగా ఒంటబట్టిందని ఇప్పుడు తెలిసింది. గోపాల్ ముందు, భార్య ముందు, ఆ పసిదాని ముందు ఆయనకి తలెత్తాలనిపించలేదు. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపల గేటు దగ్గర కారు తిరిగింది.

ఎండ వాలుతోంది. భావన కారు దిగి, మఫ్లర్ సర్దుకుంటూ నవ్వుతూ వచ్చింది. "వదినా, ఎన్నాళ్ళయింది. ఫోనుకి దొరకవు, మెయిలుకి దొరకవు, దేశాలు తిరిగే వాళ్ళకి మేమెక్కడ గుర్తుంటాం" అని మీనా చేతులు పట్టుకుంది. నైనిక బుగ్గ తట్టింది. "ఏంటమ్మా, ఏ స్టేట్ నచ్చింది నీకు?" నైనిక తండ్రి వైపు చూసింది. జగన్మోహన్ ఎటూ చూడలేదు. పిల్ల మెల్లగా తల్లి వెనక్కి జరిగింది.

"లోపలికి రండమ్మా, చలి" అన్నాడాయన.

"వస్తాను అన్నయ్యా. ముందు బండి చూడనివ్వండి. మేం కూడా ఇలాంటిదే కొంటున్నాం కదా." ఆమె చుట్టూ నడవడం మొదలుపెట్టింది. గులాబీ బోర్డుల్ని వేలితో తట్టింది. వెనక వైపు తిరిగింది. గోపాల్ వెనకే నడిచాడు. ముందువైపుకి వచ్చి భావన ఆగిపోయింది.

జానెడు సందులోంచి చక్రాన్ని చూసింది. చక్రం చువ్వల్లోంచి పెరిగి ఎండిన గడ్డిని చూసింది. తర్వాత ఇనుపకమ్మీ మీది పాదు దగ్గరికి వచ్చింది. ఎండు బీరకాయని అరచేతిలోకి తీసుకుని ఒకసారి ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"వదినా, ఇవి మా అమ్మ పంపిన విత్తనాలు కదూ? ఏప్రిల్‌లో నేనిచ్చినవి. మీ ఇంటి పెరట్లో వేస్తానన్నావు."

"అవును భావనా. ఇక్కడ వేశాను" అంది మీనా.

భావన ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లమెల్లగా పోయింది. మొగుడి వైపు చూసింది. గోపాల్ చెయ్యి తనకి తెలియకుండానే నడుము దగ్గరికి వెళ్ళి బ్యాడ్జ్‌ని కప్పుకుంది. అది కూడా ఆమె చూసింది. కానీ అడగవలసినవాణ్ణి అడగలేదు. కాయ చేతిలో పట్టుకునే జగన్మోహన్ వైపు తిరిగింది.

"సోమవారం నేను జాబ్ వదిలేస్తున్నాను అన్నయ్యా. మీ మాట మీద. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను, మీరేం చెప్తే అది నమ్ముతాను. ఈ బీరపాదు ఏయే ఊళ్ళు తిరిగొచ్చింది?"

గోపాల్ ఆయన వైపు చూస్తున్నాడు, ఆ దసరా మాటే ఇంకొక్కసారి అన్నట్టు. మీనా చూడటం లేదు. తల్లి వెనకనుంచి నైనిక తొంగి చూస్తోంది. తను అడిగినదానికి కూడా జవాబు ఇప్పుడే వస్తుందని ఆ పిల్లకి తెలుసు.